“మతిమాన్ న ప్రకాశయేత్” అంటే ఎవ్వరికీ చెప్పరాదనా?

అర్థనాశం మనస్తాపం గృహే దుశ్చరితాని చ
వంచనం చాపమానం చ మతిమాన్ న ప్రకాశయేత్

పరువు నిలవాలంటే నోరు విప్పకూడదనడానికి ఈ శ్లోకాన్ని ప్రమాణంగా చూపడం వాడుకలో ఉన్నదే. పరువు కోసం కష్టాలను దాచుకోవాలా అన్న చర్చలోనూ ఒకరిద్దరు అదే చేశారు. ధనం పోవడం, మనసులోని బాధ, ఇంట్లో జరిగే చెడునడతలు, మోసపోవడం, అవమానపడడం అనే అయిదింటిని బుద్ధిమంతుడు బయటపెట్టరాదని తాత్పర్యం. చాణక్యనీతిలోనూ కొద్దిపాటి మార్పుతో కనిపిస్తుంది గాని, హితోపదేశమనే సంస్కృత నీతికథల గ్రంథంలోని మిత్రలాభమనే భాగంలో ఇది ఎవరి మాటగా వస్తుందో గమనిస్తే తప్ప దీని పరిమితి తెలియదు.

అక్కడ ఈ మాట అనుకొనేది హిరణ్యకుడనే ఎలుక. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) చదివినవారికి ఈ కథ పరిచితమే: సన్న్యాసి కలుగు తవ్వి, ఎలుక చిరకాలంగా కూడబెట్టుకొన్న ధనమంతా తీసుకొనిపోగా, అది బలం ఉడిగి ఆహారమైనా సంపాదించుకోలేని స్థితికి వచ్చి, తనను చూసి ఆ సన్న్యాసే చులకనగా మాట్లాడడం చెవులారా వింటుంది. ఇకపై అక్కడ ఉండడం తగదని, జరిగినది ఇతరులకు చెప్పుకోవడమూ ఉచితం కాదని అప్పుడు తలపోస్తుంది. అయితే ఈ వృత్తాంతమంతా మనకు తెలుస్తున్నది ఎలా? హిరణ్యకుడే స్వయంగా, లఘుపతనకుడనే కాకి వింటుండగా, మంథరుడనే తాబేలుకు పూసగుచ్చినట్లు చెప్పడం వల్లనే గదా! అర్థనాశం, మనస్తాపం, అపమానం, మూడూ ఆ కథనంలో ఉన్నాయి. దాచుకోవలసినవాటి జాబితాను చదువుతూనే వాటిని చెప్పేస్తున్న ఈ ఎలుకను మన ఉపన్యాసకులు ఎందుకో పట్టించుకోరు.

కనుక “న ప్రకాశయేత్” అన్నది పదిమందిలో చాటుకోవడాన్ని వారిస్తున్నదే గాని, ఆప్తునితో చెప్పుకోవడాన్ని కాదని నా అభిప్రాయం. పైగా ఈ అయిదింటిలో చాలావరకు మనిషి చేసిన తప్పులు కావు, అతనికి తగిలిన దెబ్బలు. ఫోనులో మాయమాటలు నమ్మి డబ్బు పోగొట్టుకొన్నవాడు ఆ సంగతి బంధువుల వాట్సాప్ గుంపులో పెట్టకపోవడం వివేకమే. కాని పరువు పోతుందని సైబరు మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరుకు ఫోను చేయకుండా ఊరుకోవడానికి ఈ శ్లోకం అడ్డు రాదు. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీకి దీనిని వినిపించి నోరు మూయించడం మరీ అన్యాయం, ఎందుకంటే అక్కడ దాగేది ఆమె పరువు కాదు, కొట్టినవాని పరువు.

ఇక పాఠాంతరం మాట. కొన్ని చాణక్యనీతి ప్రతులలో రెండవ పాదం “గృహిణీచరితాని చ” అని ఉన్నది. అలా చదివితే ఇంటి లోపమంతా ఇల్లాలి మీదికే పోతుంది. “గృహే దుశ్చరితాని” అన్న పాఠం భర్తనూ కొడుకునూ కూడా ఆ లెక్కలోకి తెస్తుంది గనుక, సందర్భశుద్ధిని బట్టి నేను దానినే గ్రహిస్తాను.