ఐప్యాడ్ 10వ తరమా, గెలాక్సీ ట్యాబ్ ఎస్9నా?

వానచినుకు: రెండూ వైఫై మోడళ్లే చూస్తున్నాను, సిమ్ వద్దు. చదువుకోవడానికి, ఫొటోలు దాచుకోవడానికి. కనెక్టివిటీలో, సాఫ్ట్‌వేర్‌లో ఏది మేలు?

నట్టుబోల్టు: ఎస్9. యూఎస్‌బీ-సీ రెండింటికీ ఉంది కానీ ఐప్యాడ్‌ది సెకనుకు 480 మెగాబిట్లే, ఎస్9ది 5 గిగాబిట్లు. వైఫై 6ఇ అనే కొత్త రకం వైఫై, మెమరీ కార్డు స్లాట్, కంప్యూటర్‌లా విండోలు తెరిచే డెక్స్ కూడా ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఉపగ్రహాలతో మనం ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్ వైఫై ఐప్యాడ్‌లో లేదు.

గోరింట: ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్ (ఓఎస్) ఐప్యాడ్‌ఓఎస్ 26తో 10వ తరంలోనూ విండోలు వచ్చాయి.

తీరిక: ట్యాబ్ పట్టుకుని దారి వెతుక్కునేది ఎవరండీ? చుట్టుపక్కల వైఫైలను బట్టి ఎక్కడున్నామో అదే చెప్తుంది.

నట్టుబోల్టు: వైఫైలు లేని రోడ్డు మీద? మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా మనం ఎక్కడున్నామో చూపించదు. కారులో పెద్ద తెర కోరుకునేవాళ్లకి అదే కావాలి.

గోరింట: అడిగింది చదువుకోవడానికి. ఈ జీపీఎస్ గొడవ ఎందుకు?

తీరిక: నేనూ అదే అంటున్నా. 2019లో వచ్చిన ఏడో తరం ఐప్యాడ్‌కి 2024లో కూడా కొత్త ఓఎస్ ఇచ్చారు. మా అమ్మకి ఒకప్పుడు ఏదో కంపెనీ ట్యాబ్ కొనిచ్చాను. రెండేళ్లకే అప్‌డేట్లు ఆగాయి, ఆ తర్వాత బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. స్లాట్లు లెక్కపెట్టేవాళ్లకి ఆ టెన్షన్ తెలీదు.

నట్టుబోల్టు: ఎస్9కి నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఐదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని శాంసంగ్ ముందే చెప్పింది. పాత ట్యాబ్ మీద కోపం దీని మీద చూపిస్తే ఎలా?

తీరిక: కోపం కాదు, అనుభవం. కాస్త మర్యాదగా మాట్లాడండి.

నట్టుబోల్టు: అయితే నా అనుభవమూ వినండి. నా పాత ట్యాబ్ ఉన్నట్టుండి ఆగిపోయింది. దానికి కార్డు స్లాట్ లేదు. మా నాన్న చివరి ఫొటోలు దాంతోపాటే పోయాయి. క్లౌడ్‌లో పెట్టుకోవాల్సింది అన్నారు సర్వీస్ వాళ్లు. నా ఫొటోలు నా చేతిలో ఉండాలి, ఎవరి సర్వర్‌లోనో కాదు. పొద్దుట్నుంచీ స్లాట్, స్లాట్ అంటున్నది అందుకు.

తీరిక: బాధాకరం. కానీ నాకు కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు. అన్నీ కంపెనీయే చూసుకోవాలి, అమ్మ దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. కార్డు తీసి బ్యాకప్ చేయమంటే ఆవిడ చేస్తుందా?

వానచినుకు: నేను మాత్రం హార్డ్ డిస్క్‌లోనే దాస్తాను. ఐప్యాడ్‌కి తగిలించొచ్చా?

గోరింట: తగిలించొచ్చు, ఫైల్స్ యాప్‌లో కనిపిస్తుంది. పెద్ద వీడియోలైతే ఆ 480 దగ్గర ఓపిక పట్టాలి. కరెంటు ఎక్కువ లాగే డిస్క్‌కి విడిగా పవర్ ఇవ్వాల్సి రావచ్చు.

నట్టుబోల్టు: మరింకేం, ఎస్9 తీసుకోండి.

తీరిక: తీసుకునే ముందు లెక్క చూసుకోండి. అది వచ్చింది 2023లో, ఐదేళ్లంటే 2028 దాకానే.