పైన్‌టాప్ పెర్కిన్స్ పియానోలో ఆ ఊపు ఎక్కడి నుంచి వస్తోంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ మధ్య బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీతం) పియానో వాయించే పైన్‌టాప్ పెర్కిన్స్ వీడియోలు వదలకుండా చూస్తున్నాను. 1913లో మిసిసిపీలోని బెల్జోనీలో పుట్టి, 2011లో 97 ఏళ్ల వయసులో గ్రామీ అందుకుని, తర్వాతి నెలలోనే కన్నుమూశాడు. మొదట్లో గిటార్ కూడా వాయించేవాడట, 1940ల్లో కత్తి గాయంతో ఎడమ చేతి స్నాయువులు తెగాక పూర్తిగా పియానోకి వచ్చేశాడని చదివాక ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. నేను కీబోర్డ్ మీద 12 బార్ల (బార్ అంటే నాలుగు బీట్ల ఆవర్తం) బ్లూస్ నేర్చుకుంటున్నాను. సి, ఎఫ్, జి కార్డులు వచ్చేశాయి, ఎడమ చేత్తో పదే పదే తిప్పి వాయించే బూగీ కూడా నోట్లు తప్పకుండా వస్తోంది, కానీ వింటే కుట్టుమిషన్ తొక్కినట్టు ఉంటోంది. ఆయన అవే నోట్లు వాయిస్తే కాలు దానంతట అదే ఆడుతుంది. తేడా ఎక్కడ?

జవాబు 1:
నడకలో ఉందండి. మీరు ఒక్కో బీట్‌ని రెండు సమాన భాగాలు చేస్తున్నట్టున్నారు. షఫుల్‌లో, అంటే ఈ ఊగే నడకలో, బీట్ మూడు ముక్కలు. మన తిశ్రమే. నోటితో తకిట తకిట అనుకుంటూ మొదటి ‘త’ మీద ఒక నోటు, చివరి ‘ట’ మీద ఇంకోటి వెయ్యండి, ‘కి’ని వదిలెయ్యండి. బూగీ మొత్తం పక్కన పెట్టి ముందు ఇది చూడండి: చిటికెన వేలు సి మీద ఉంచి, పైన జి ఒకసారి, ఎ ఒకసారి మార్చి మార్చి వాయించాలి. నాలుగు బార్లు సి, రెండు ఎఫ్, రెండు సి, తర్వాత జి ఒకటి, ఎఫ్ ఒకటి, మళ్లీ సి రెండు. కుడి చెయ్యి ముట్టుకోవద్దు. మెట్రోనోమ్ (టిక్ టిక్ అంటూ టైమ్ చెప్పేది) నిమిషానికి 70 బీట్ల దగ్గర పెట్టండి, స్పీడ్ గురించి టెన్షన్ వద్దు.

జవాబు 2:
నడక సరే, కుడి చెయ్యి సంగతి కూడా చెప్పాలి కదా. గిటార్‌లో తీగ లాగితే స్వరం వంగుతుంది, పియానోలో ఆ వీలు లేదు. మన గమకాలు కీబోర్డ్ మీద పలకవని అంటాం చూడండి, ఈ బ్లూస్ వాళ్లకీ అదే ఇబ్బంది. అందుకే నల్ల మెట్టు మీద ఇ-ఫ్లాట్ నొక్కి అదే వేలిని పక్కనున్న తెల్ల ఇ మీదకి జార్చేస్తారు. సి ని షడ్జమం అనుకుంటే సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి అన్నమాట. రెండూ ఎంత దగ్గరగా పడాలంటే, విడివిడిగా వినిపిస్తే నెమ్మదిగా జార్చినట్టే లెక్క. ఇక పియానో శబ్దం నొక్కిన మరుక్షణం నుంచీ తగ్గిపోతుంది కాబట్టి, నిలబెట్టాలంటే రెండు నోట్లని గబగబా మార్చి వాయిస్తారు, అదే ట్రెమొలో. దీన్ని మణికట్టు బిగించి చేస్తే చెయ్యి నొప్పి వస్తుంది, వదులుగా తిప్పండి.

జవాబు 3:
ఇద్దరూ బాగా చెప్పారు, మెట్రోనోమ్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. అది టైమ్ చెబుతుంది, ఊపు చెప్పదు. రికార్డు పెట్టుకుని డ్రమ్స్‌తో పాటు వాయించండి. పెర్కిన్స్ 1969లో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బ్యాండ్‌లో పియానిస్ట్ ఓటిస్ స్పాన్ స్థానంలోకి వచ్చాడు. స్పాన్ అంటే మాటలా, 1960 న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్ రికార్డింగ్‌లో ఆయన పియానో ఒక్కటే పట్టుకుని విన్నా రోజంతా గడిచిపోతుంది. అంతటివాడి తర్వాత కూర్చుని కూడా పెర్కిన్స్ ఎక్కడా గొప్ప చూపించుకోలేదు. మడ్డీ పాడుతున్నంతసేపూ తక్కువ వాయిస్తాడు, లైన్ అయిపోయి ఊపిరి తీసుకునే చోట నాలుగు నోట్లతో జవాబిచ్చి మళ్లీ వెనక్కి తగ్గుతాడు. నాకైతే ఆయన గొప్పతనమంతా అక్కడే. ఆ గ్రామీ ఆల్బమ్‌లో తోడున్న విల్లీ ‘బిగ్ ఐస్’ స్మిత్ కూడా మడ్డీ దగ్గర డ్రమ్స్ వాయించినవాడే, అంత పాత జోడీ కాబట్టే ఒకరి మీద ఒకరు పడకుండా వాయించారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. తకిట అనుకుంటూ వాయిస్తే వెంటనే తేడా తెలిసింది. ఎఫ్‌కి మారేచోట మాత్రం చెయ్యి తడబడుతోంది.

జవాబు 1:
చూపు ముందే ఎఫ్ మీదకి వెళ్లాలి. నాలుగో బార్ చివరి ‘ట’ వాయిస్తున్నప్పుడే చిటికెన వేలు ఎక్కడ పడాలో చూసుకోండి. ఆ ఒక్క మార్పునే, సి లో ఒక బార్, ఎఫ్ లో ఒక బార్, తిప్పి తిప్పి వాయించండి.