హైదరాబాద్ నుంచి ఒక్కరోజు యానాం: రెండు రాత్రుల రైలుకి తగిన ఊరేనా?

మియాపూర్_మిడిల్‌బెర్త్:
డిసెంబరులో నలుగురం వెళ్దామని, అందులో అరవై దాటినవాళ్లు ఇద్దరు. శుక్రవారం రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ (12738) ఎక్కి పొద్దున్నే కాకినాడలో దిగాలి. యానాం చూసుకుని అదే రాత్రి 12737లో తిరుగు ప్రయాణం. హోటల్ గది తీసుకోం. ఇంట్లో రెండు పార్టీలు అయిపోయాయి. ఒకరు ఫ్రెంచివాళ్ల ఊరు చూడాల్సిందే అంటారు, ఇంకొకరు దానికంటే నాలుగు రోజులు సెలవు పెట్టి పాండిచ్చేరికే పోదామంటారు. తెలిసినవాళ్లు తేల్చండి.

చాదర్‌ఘాట్_చాయ్:
యానాంల ఫ్రెంచ్ ఏమున్నది భాయ్? పాండిచ్చేరి ఫొటోలు చూసి పసుపు గోడలు, పూలతీగల బాల్కనీలు ఉంటయనుకొని పోతరు, తిట్టుకుంట వస్తరు. పాతది అని చెప్పుకునేటందుకు చర్చి ఒకటున్నది. ఈఫిల్ టవర్ లెక్క కనిపించేది మొన్నమొన్న కట్టింది, దానికి ఫ్రెంచోళ్లకు సంబంధం లేదు. రానుపోను దగ్గర దగ్గర వెయ్యి కిలోమీటర్లు. పాండిచ్చేరికే పోండ్రి.

నీలపల్లి_రేవు:
చాయ్ గారూ, భవనాలు తక్కువన్న మాట నిజమేనండి. కానీ ఎందుకు తక్కువో కూడా చెప్పాలి కదా. యానాం పాండిచ్చేరిలా రాజధాని కాదు, బట్టల వ్యాపారం కోసం పెట్టుకున్న చిన్న స్థావరం. 1723లో పెట్టి, లాభం లేదని 1727లో మూసేసి, 1731లో మళ్లీ తెరిచారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు ఎన్నిసార్లు లాక్కున్నారో, ఎన్నిసార్లు తిరిగిచ్చారో. 1839 నవంబరు తుపాను పక్కనున్న కోరంగి రేవును తుడిచిపెట్టేసింది. చాయ్ గారు చెప్పిన చర్చి 1846 నాటిది, అంటే ఆ ఉప్పెన తర్వాతదే.

ఇక్కడ ఫ్రెంచి పాలన గోడల్లో వెతికితే దొరకదండి, చట్టాల్లో వెతకాలి. ఇంగ్లీషు ఇండియాలో 1929లో బాల్యవివాహాల మీద శారదా చట్టం వచ్చింది. ఫ్రెంచి గడ్డ మీద అది చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాలవాళ్లు చిన్నపిల్లల్ని తీసుకుని ఇక్కడికి వచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయేవారు. ఈ ఊరికి కళ్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే. ఫ్రెంచి పెత్తనం పోయింది 1954 జూన్ 13న, చట్టరీత్యా విలీనమైంది 1962 ఆగస్టు 16న. అందుకే ఆగస్టు 15న ఒకసారి, మర్నాడు ఇంకోసారి జెండా ఎగరేస్తారు. పిన్‌కోడు చూడండి, 533తో మొదలవుతుంది, గోదావరి జిల్లాలదే. పాలన పాండిచ్చేరిది కాబట్టి బండి నంబరు మాత్రం పీవై 04. హైకోర్టు మద్రాసుది. ఇంతా చేసి ఊరి చుట్టూ ఆంధ్రే, నోట్లో తెలుగే. ఇలాంటి విడ్డూరం పాండిచ్చేరిలో మీకు కనపడదు.

చాదర్‌ఘాట్_చాయ్:
మంచిగ చెప్పిన్రు. కానీ చట్టాన్ని ఫొటో తియ్యరాదు కదా అన్నా. పెద్దమనుషులను అంత దూరం తీస్కపోయి బండి నంబరు ప్లేట్లు చూపిస్తరా?

మడచెట్టు:
మీరిద్దరూ ఊరి గురించే కొట్టుకుంటున్నారు. ఆ రోజులో సగం ఊరికి బయటే గడుస్తుంది, గడవాలి కూడా. కాకినాడ నుంచి యానాం సుమారు 30 కిలోమీటర్లు. ఆ దారిలోనే కోరంగి అభయారణ్యం ఉంది. అక్కడ మడ అడవిలోకి చెక్క బాట వేశారు. పెద్దవాళ్లు కూడా నిదానంగా నడవొచ్చు, మెట్లెక్కే పని పెద్దగా ఉండదు.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఎండెక్కాక, పైగా పోటు సమయంలో వెళ్తారు. పోటుకి నీళ్లు చెట్ల మొదళ్లు కప్పేస్తాయి, ఆకులు తప్ప ఏమీ కనపడవు. చెక్క బాట మీద నడవాలంటే పాటు, అంటే నీళ్లు వెనక్కి తీసే సమయం కావాలి. నీళ్లు తీశాక బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్లు కనిపిస్తాయి, చెట్టు గాలి పీల్చేది వాటితోనే. వాటి మధ్య గెంతే చిన్న చేపలు, ఒక్క డెక్క మాత్రం పెద్దగా ఉండే పీతలు. మడ ఆకు మీద వేలితో రాసి నాలుక్కి తగిలించి చూడండి, ఉప్పగా ఉంటుంది. పీల్చిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల్లోంచి కక్కేస్తుంది.

పడవ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. పాయల్లో నీరుంటేనే నడుస్తుంది కాబట్టి పోటు కావాలి. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు తేడా. అంటే పడవా నడకా రెండూ ఒకే పూట బాగా కుదరవు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. కాకినాడ రేవు ఆటుపోట్ల పట్టిక చూసి తేదీ వేసుకోండి. రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది కాబట్టి, ఈ శనివారం పొద్దున పాటు దొరక్కపోతే వచ్చే శనివారం దొరకొచ్చు.

టైంటేబుల్_తాత:
టికెట్ తీసేముందు నాలుగు మాటలు. విశాఖ వైపు వెళ్లే బళ్లు కాకినాడలోకి రావు, సామర్లకోటలో దింపేసి పోతాయి. సాయంత్రం హైదరాబాద్‌లో బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే అర్ధరాత్రి దాటాక దింపుతుంది. పెద్దవాళ్లతో ఆ ప్లాట్‌ఫాం మీద తెల్లారేదాకా కూర్చోవడం అనవసరం. గౌతమి నేరుగా ఊళ్లోకి వస్తుంది. ముందు టౌన్, చివర పోర్ట్. టౌన్‌లో దిగండి.

బస్సులోనే అంటే కాకినాడ నుంచి అమలాపురం బస్సు ఎక్కాలి, యానాం మీదుగానే వెళ్తుంది. కానీ నలుగురున్నారు కాబట్టి సాయంత్రం దాకా కారు మాట్లాడుకోవడమే మేలు. బస్సులో అయితే కోరంగి దగ్గర దిగి మళ్లీ ఎక్కాలి, గంట హరీ.

ద్రాక్షారామం కూడా కలుపుదాం అని ఎవరో ఒకరు అంటారు. భీమేశ్వరస్వామి గుడి పంచారామాల్లో ఒకటి, చూడదగ్గదే. కానీ మధ్యాహ్నం తలుపులు మూస్తారు. యానాంలో భోంచేసి ఒంటిగంటన్నరకి బయల్దేరితే గుడి బయట చెప్పుల దగ్గర పడిగాపులే. మూడు దాటాక చేరేట్టు వెళ్తే దర్శనం అవుతుంది, యానాంలో సూర్యాస్తమయం పోతుంది. డిసెంబరులో అక్కడ ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది మరి. రెండిట్లో ఒకటి వదులుకోండి. నన్నడిగితే గుడి ఇంకోసారికి.

సాయంత్రం రాజీవ్ గాంధీ బీచ్ అంటారు గానీ అది సముద్రం కాదు, గోదావరి గౌతమీ పాయ ఒడ్డు. అవతల ఎదుర్లంక, కోనసీమ కొబ్బరిచెట్లు. పొద్దు వాటి వెనకే దిగుతుంది. ఎదుర్లంక వంతెన రాకముందు ఈ రేవులో పంటు మీదే దాటేవాళ్లు. ఆరింటికి అక్కణ్ణుంచి కదలాలి, ఏడున్నరకి కాకినాడ టౌన్ స్టేషన్‌లో ఉండాలి. బండి అసలు సమయం టికెట్ మీద చూసుకోండి. వేసవిలో ఇదే పథకం పనిచెయ్యదు, పొద్దు దిగేసరికే ఆరున్నర దాటుతుంది.

ఉప్పల్_ఉల్లిపాయ:
డిసెంబరు ఎందుకండీ, ఆగస్టులో వెళ్తే పులస తినొచ్చు కదా?

నీలపల్లి_రేవు:
పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, ఒక్కరోజులో వచ్చిపొమ్మనలేదండి. సముద్రంలో విలస, వరదనీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాకే పులస. ఎర్రనీరు దిగితే గానీ రాదు. మధ్యాహ్నం హోటల్లో కూర్చుని తెమ్మంటే పళ్లెంలోకి వచ్చేది చాలాసార్లు ఐసులో దూరప్రాంతం నుంచి దిగిన విలసే. పచ్చి చేపని చూస్తే తెలుస్తుంది. సముద్రపుది వెండిలా తెల్లగా మెరుస్తుంది, ఏట్లోది కాస్త ఎరుపు తిరిగి ఉంటుంది. వండాక మాత్రం పులుసులో ఎవడు పోల్చగలడు? పైగా ముళ్లు మెత్తబడాలంటే మట్టి దాకలో సన్నసెగ మీద గంటలు పట్టాలి, ఆ పులుసు మర్నాడు తింటేనే రుచి. ముందురోజే తెలిసినవాళ్లకి చెప్పుకోకుండా కుదరదు.

ఇంకోటి, వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది ఎగరేశారంటే టికెట్లు రద్దు చేసుకోండి. ఆ నీరంతా కిందికి రావాల్సిందే, యానాం ఒడ్డున పల్లపు వీధులు మునుగుతాయి.

చాదర్‌ఘాట్_చాయ్:
అసలు ముచ్చట ఎవ్వరూ చెప్తలేరు. సగంమంది పోయేది సీసాల కోసం.

టైంటేబుల్_తాత:
అక్కడ తాగితే మీ ఇష్టం. పాండిచ్చేరి పన్నుతో అమ్మిన సరుకు ఆంధ్రలోకి తెస్తే కేసు. ఊరు దాటగానే సంచులు తెరిపిస్తారు, రైలు తప్పడానికి ఆ అరగంట చాలు. పెట్రోలు మాత్రం అక్కడ చవకే, కారువాళ్లకి చెప్పక్కర్లేదు, వాళ్లే పోయించుకుంటారు.

మియాపూర్_మిడిల్‌బెర్త్:
అయితే ఇలా: ఎనిమిదిన్నరకి టిఫిన్, తొమ్మిదిన్నరకి కోరంగి చెక్క బాట, పన్నెండుకి యానాం చర్చి, భోజనం, ఎండ తగ్గేదాకా నీడన కాస్త విశ్రాంతి, నాలుగింటికి ఒడ్డు, ఆరింటికి కారు. ద్రాక్షారామం లేదు, పులస లేదు. ఆటుపోట్ల పట్టిక చూసి శనివారం ఖాయం చేస్తాను.

మడచెట్టు:
బాగుంది. తొమ్మిదిన్నరకి నీళ్లు నిండుగా ఉన్న శనివారమే పడితే వరస తిప్పేయండి. యానాం పొద్దున, కోరంగి మధ్యాహ్నం మూడింటికి. ఎటొచ్చీ ఒడ్డున సూర్యాస్తమయం పోతుంది.

చాదర్‌ఘాట్_చాయ్:
అంటే వెయ్యి కిలోమీటర్లు పోయేది బురదల పీతలను చూసేటందుకు. ఫ్రెంచోళ్ల ఊరని మొదలువెట్టిన్రు కదా?

నీలపల్లి_రేవు:
వాళ్లు వచ్చింది కూడా ఈ ఏటి కోసమేనండి, భవనాల కోసం కాదు. వచ్చేటప్పుడు కాకినాడలో గొట్టం కాజా తెచ్చుకోండి. పాకం లోపల ఉంటుంది, పై బెర్తులో తినకండి, కింద బెర్తువాళ్లతో గొడవ.