ఏడేళ్ళ బాబుకి గ్రహాల గురించి ఎలా చెప్పాలి? టెలిస్కోప్ కొనాలా?

కాకినాడ అమ్మ:
మావాడు రెండో క్లాసు. గోడమీది చార్టు చూసి ఎనిమిది గ్రహాల పేర్లూ గడగడా అప్పజెప్పేస్తాడు. మొన్న డాబా మీద గురుగ్రహాన్ని చూపిస్తే మాత్రం నమ్మలేదు. "చార్టులో చారలతో ఎంతో పెద్దగా ఉంది, ఇది ఉత్త చుక్క" అంటాడు. పైగా నానమ్మతో గుడికెళ్ళి నవగ్రహాలకి ప్రదక్షిణ చేసొచ్చి, "తొమ్మిదా, ఎనిమిదా?" అని ఒకటే గొడవ. ఆన్‌లైన్‌లో నాలుగు వేలకి టెలిస్కోప్ చూశాను. కొనమంటారా?

ఫిజిక్స్ మాస్టారు:
ఇప్పుడే వద్దమ్మా. ఆ ధరలో వచ్చేవాటికి చాలావరకు స్టాండు ఊగుతుంది. గ్రహాన్ని వెతికి పట్టుకునేలోపే పిల్లాడికి విసుగొచ్చేస్తుంది. నేను విజయనగరం జిల్లాలో హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పిల్లలకి ముందు గ్రౌండు చూపించేవాణ్ణి, ఆకాశం తర్వాత.

సెంటీమీటరుకి లక్ష కిలోమీటర్లు అనుకోండి. సూర్యుడు 14 సెంటీమీటర్లు, ఓ పంపర పనసకాయంత. దాన్ని గ్రౌండు చివర పెట్టి, మీవాణ్ణి 15 మీటర్లు నడిపించండి. అక్కడ ఒక ఆవగింజ పెట్టండి, అదే భూమి. దానికి 4 సెంటీమీటర్ల దూరంలో చంద్రుడు, ఇసుక రేణువంత. మనుషులు ఇప్పటిదాకా వెళ్ళొచ్చింది ఆ కాస్త దూరమే అని చెప్తే, పిల్లలు ఇక ఆ ఆవగింజ దగ్గర్నుంచి లేవరు. గురుడు గోలీకాయంత, సూర్యుడికి 78 మీటర్ల దూరంలో. ఆవగింజ దగ్గర నిలబడి ఆ గోలీని చూడమనండి, కనబడీ కనబడనట్టు ఉంటుంది. గురుడు చుక్కలా ఎందుకున్నాడో వాడికే తెలుస్తుంది. నెప్ట్యూన్‌కైతే 450 మీటర్లు పోవాలి, మేం బడి గేటు దాటి రోడ్డెక్కేవాళ్ళం. చార్టులో అన్నీ పక్కపక్కనే అచ్చువేసి ఆ ఖాళీనంతా మింగేస్తారు, నాకదే బాధ.

గుళ్ళో తొమ్మిది అనేది భూమ్మీద నిలబడి చూసినవాళ్ళ లెక్క. నక్షత్రాల మధ్య చోటు మారుతూ కంటికి స్పష్టంగా కనబడేవి ఏడు: సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. వారాలన్నీ వీళ్ళవే. రాహుకేతువులంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు. సూర్యచంద్రులు ఆ చోట్ల దగ్గరికొచ్చినప్పుడే గ్రహణాలు పడతాయి. బడిలో ఎనిమిది సూర్యుడి చుట్టూ తిరిగేవాటి లెక్క, అందుకే అందులో భూమి కూడా ఉంది. నానమ్మని తప్పుపట్టక్కర్లేదు.

కూకట్‌పల్లి నాన్న:
హైదరాబాద్ వస్తే బిర్లా ప్లానిటోరియంలో తెలుగు షో చూపించండి. లైట్లు ఆర్పగానే మా పాప భయపడింది, ముందే చెప్పి తీసుకెళ్ళండి. మా ఏరియాలో లైట్ల వెలుగుకి నక్షత్రాలు పెద్దగా కనబడవు గానీ చంద్రుడు, శుక్రుడు, గురుడు బాగానే కనిపిస్తారు.

కాకినాడ అమ్మ:
మాస్టారూ, ఆదివారమే గ్రౌండుకి వెళ్తాం. మరి టెలిస్కోప్ బదులు ఏం కొనాలి?

ఫిజిక్స్ మాస్టారు:
10×50 బైనాక్యులర్ చాలు. మోచేతులు పిట్టగోడకి ఆనించి చూడమనండి. గురుడి పక్కన నాలుగు ఉపగ్రహాలు సన్నటి చుక్కల్లా కనబడతాయి. 1610లో గెలీలియో చూసినవి అవే. రోజూ బొమ్మ గీయించండి, అవి చోట్లు మారడం వాడే పట్టుకుంటాడు. చంద్రుడి మీద గుంటలు చూడాలంటే పౌర్ణమి పనికిరాదు, సప్తమి అష్టముల్లో చూడండి. పగలు మాత్రం బైనాక్యులర్ వాడి చేతికివ్వకండి. పొరపాటున సూర్యుడివైపు తిప్పితే కళ్ళు పోతాయి.

పగటిపూట ఇంకో పని చేయొచ్చు. బహుళ అష్టమినాడు ఉదయం ఏడెనిమిది గంటలకి చంద్రుడు ఆకాశంలోనే ఉంటాడు. ఎండలో నిలబడి, ఒక నిమ్మకాయని చంద్రుడి పక్కకి వచ్చేలా చేయి చాచి పట్టుకోమనండి. చంద్రుడికి ఎటువైపు వెలుగుందో నిమ్మకాయకీ అటువైపే ఉంటుంది. ఎందుకో మీరు చెప్పకండి, వాణ్ణే చెప్పనివ్వండి.