‘కట్టేశాను’ అంటే ఏం చేసినట్టు? తెర, గొళ్లెం, తాళం

నిన్న ఇక్కడ ఒకరు స్క్రీన్ లాక్‌కి తెలుగు మాట అడిగారు. ‘తెర తాళం’ అని చాలామంది చెప్పారు. మాట బాగుంది. అయితే నాకు పేరు కన్నా క్రియ గురించి బెంగ. కంప్యూటర్ ముందు నుంచి లేచేటప్పుడు ఏం చేసినా మా కృష్ణా జిల్లాలో ఒకటే మాట: కట్టేశాను. ఫ్యాను కట్టేశాను, టీవీ కట్టేశాను, కుళాయి కట్టేశాను, కంప్యూటర్ కట్టేశాను. ఫ్యానుకీ కుళాయికీ ఆ మాట చాలు. కంప్యూటర్‌కి చాలదు.

మా నాన్నగారు రిటైరయ్యాక ఇంట్లో డెస్క్‌టాప్ కొనుక్కున్నారు. రాత్రి ఫోన్లో “కంప్యూటర్ కట్టేశారా నాన్నా?” అని అడిగితే “ఎప్పుడో కట్టేశాను రా” అనేవారు. పండక్కి వెళ్లినప్పుడు చూశాను. ఆయన నొక్కేది మానిటర్ అంచున ఉన్న మీట. తెర నల్లబడుతుంది, బల్ల కింద డబ్బాలో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం పక్కింటి పిల్లాడు ఆడుకుంటూ వచ్చి అదే మీట నొక్కితే, నాన్న మెయిల్ తెరిచింది తెరిచినట్టే కనిపించింది. పెన్షన్ కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. నాకు గుండె జారిపోయింది.

విండోస్ మీట, ఎల్ అక్షరం కలిపి నొక్కి లాక్ ఎలా వేయాలో చూపించాను. పిన్ అడిగింది. నాన్న కాసేపు దాన్నే చూసి, “అంటే ఇన్నాళ్లూ తలుపు దగ్గరగా వేసి వెళ్తున్నాను, తాళం వేయట్లేదన్నమాట” అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు దారి దొరికింది. తలుపు ఓరగా వేయడం వేరు, గొళ్లెం పెట్టడం వేరు, తాళం వేయడం వేరు. మన ఇళ్లలో ఈ తేడా పసిపిల్లలకీ తెలుసు. ఇన్ని నిమిషాలకు తెర ఆరిపోవాలని డెస్క్‌టాప్‌లో పెట్టుకుంటామే, అది ఓరగా వేయడం. మౌస్ కదిపితే చాలు, తెరుచుకుంటుంది. స్లీప్, అంటే కంప్యూటర్‌ని నిద్రపుచ్చడం, గొళ్లెం లాంటిది. విండోస్ సెట్టింగ్స్‌లోని సైన్ ఇన్ ఆప్షన్స్‌లో, కాసేపు వదిలి వెళ్తే మళ్లీ ఎప్పుడు సైన్ ఇన్ అడగాలి అన్న చోట ‘నెవర్’ అని ఉంటే, ఆ గొళ్లెం ఎవరైనా తీసుకుని లోపలికి రావచ్చు. స్లీప్ నుంచి లేచినప్పుడు అడగమని పెడితేనే దానికి తాళం పడినట్టు. లాక్ వేశాక కూడా లోపల పొయ్యి మీద పాలు కాగుతూనే ఉంటాయి, అంటే మనం తెరిచినవన్నీ అలాగే నడుస్తుంటాయి. సైన్ అవుట్ అంటే సామాను సర్దుకుని గది ఖాళీ చేయడం.

‘తెర’ అన్న మాట కూడా మనల్ని కొంత పక్కదారి పట్టిస్తోందని నా అనుమానం. తెర దించారంటే నాటకం అయిపోయిందని కదా మన అలవాటు! అందుకే నల్లబడిన తెరని చూడగానే పని ముగిసిందని మనసు నమ్మేస్తుంది.

కర్నూలు నుంచి ఒక సభ్యురాలు:
మా వైపు బీగం అంటాం. “బీగం వేసినావా?” అనే అడుగుతారు. కన్నడంలోనూ ‘బీగ’ అనే కదా అంటారు. తెర బీగం అన్నా మాకు వెంటనే అర్థమవుతుంది.

కరీంనగర్ నుంచి ఒక సభ్యుడు:
మా దగ్గర అన్నిటికీ ‘బంద్’. తలుపు బంద్, ఫ్యాన్ బంద్, దుకాణం బంద్. కాబట్టి మీరు చెప్పిన చిక్కు మాకు ఇంకా ఎక్కువ. “తాళం ఏసినవా?” అని విడిగా అడగాల్సిందే. ఇంకో మాట: తెలుగు వికీపీడియాలో పాస్‌వర్డ్‌ని ‘సంకేతపదం’ అంటారు. అది మరీ పుస్తకాల మాట కాదా?

పోస్టు రాసిన సభ్యుడు:
బీగం నాకు చాలా నచ్చిందమ్మా. మీ ఊళ్లో అదే వాడండి, తాళం కోసం దాన్ని వదులుకోవద్దు.

అన్నా, సంకేతపదం మీద నాకు ప్రేమ ఉంది. మన కావ్యాల్లో సంకేత స్థలం అంటే ఇద్దరికే తెలిసిన చోటు. ఇద్దరికే తెలిసిన మాట సంకేతపదం, ఎంత చక్కగా కుదిరిందో చూడండి. నోటితో చెప్పేటప్పుడు నేనూ పాస్‌వర్డ్ అనే అంటాను, అందులో తప్పేమీ లేదు. పిన్‌ని మాత్రం దానితో కలపకండి. విండోస్‌లో మీరు పెట్టుకున్న పిన్ ఆ ఒక్క యంత్రానికే పనిచేస్తుంది. మీ ఖాతా పాస్‌వర్డ్ ఎక్కడి నుంచైనా పనిచేస్తుంది. అందుకే పిన్‌ని నేను ‘ఇంటి తాళంచెవి’ అని చెబుతాను, నాన్నకి అలాగే అర్థమైంది.

ఒంగోలు నుంచి ఒక సభ్యుడు:
మా అమ్మకి అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే రిజల్యూషన్ (తెర మీది చుక్కల సంఖ్య) తగ్గించాను. పెద్దవయ్యాయి కానీ అలికేసినట్టున్నాయి. ‘లక్ష్మి’లో ఒత్తులు కలిసిపోతున్నాయి. దీనికీ మాటల గందరగోళమే కారణమా?

పోస్టు రాసిన సభ్యుడు:
అవును, రిజల్యూషన్ తగ్గించడం, స్కేల్ (అక్షరాలు, బొమ్మల కొలత) పెంచడం, ఈ రెండింటినీ ‘సైజు పెంచడం’ అనేస్తాం కదా. రిజల్యూషన్‌ని రికమెండెడ్ అని ఉన్నదానికే తిరిగి మార్చి, దాని పైనున్న స్కేల్‌ని 125 శాతానికో 150 శాతానికో పెంచండి. ఒత్తులు విడివిడిగా కనబడతాయి.

కరీంనగర్ సభ్యుడు:
ఆఖరిగా ఒకటి. నా ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్‌కి (డిస్క్‌లోని సమాచారానికే తాళం వేసే విండోస్ సదుపాయం) 48 అంకెల రికవరీ కీ ఇచ్చింది. దాన్నేమనాలి?

పోస్టు రాసిన సభ్యుడు:
దీనికి మాట వెతకక్కర్లేదు, మారుతాళంచెవి! అసలు చెవి పోతే పనికొచ్చేది. అమ్మమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచేది. మీరు మాత్రం ఆ అంకెల్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే, తాళంచెవిని లోపలే పెట్టి తలుపు వేసుకున్నట్టవుతుంది.