సమస్య: "పనిని మానినపుడె పని ఫలించె"

పొసగనట్టు కనిపించే ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు రాసి అర్థం కుదర్చడమే పూరణ. ఈ వారం ఛందస్సు ఆటవెలది. పేరులోనే ఆట ఉందని ఎంచుకున్నాను. దున్నడం మానితే చేను పండదు, మరి ఈ పాదం ఎలా పొసగుతుంది? కళాకారులు పెద్దయ్యాక ఆడిన ఆటల మీద పూరించండి.

మొదటి పూరణ

కొట్టివేత గీత కొత్తరూపము దాల్చె
పక్షి యయ్యె, మొగము, పాము నయ్యె
కవిత పక్కఁబెట్టి కలముతో నాడంగ
పనిని మానినపుడె పని ఫలించె

(రవీంద్రనాథ్ టాగోర్ 1924లో అర్జెంటీనాలో ఉండగా 'పూరబి' కవితల రాతప్రతిలో గీసిన బొమ్మల గురించి.)

నిర్వాహకుడు: అయ్యా, రెండో పాదం చదవగానే ఆ పుట కళ్ళకు కట్టింది. మొదటి 'పని' కవిత, రెండోది చిత్రం. విరోధం చక్కగా తీరింది. కానీ మూడో పాదం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఆయన కవితను పక్కన పెట్టలేదు. దిద్దుతూ దిద్దుతూ, కొట్టేసిన మాటలను ఒకదానితో ఒకటి కలుపుతూ ఆటలోకి జారిపోయారు. అప్పటికి ఆయనకు అరవై మూడేళ్ళు. ఆ ఆటే 1930 మేలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ప్రదర్శనగా నిలిచింది. కాబట్టి ఇలా మార్చి చూడండి:

దిద్దఁబోయి మఱచి తీరుగా నాడంగ

మొదటి సభ్యుడు: గురువుగారూ, శిరోధార్యం. 'దిద్దఁబోయి మఱచి' అన్నాక మానిన పని ఏమిటో కూడా తేలింది.

రెండో పూరణ

తీగఁ జుట్టి చుట్టి దీర్చెను సర్కసు
పెట్టెలోన మోసి ప్రీతి నాడె
గాలిలోన నూగు కళ పుట్టె నా వెన్క
పనిని మానినపుడె పని ఫలించె

నిర్వాహకుడు: అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్! 1926 నుంచి పారిస్‌లో తీగ, గుడ్డ, బిరడాలతో సర్కసు బొమ్మలు చేసి, మిత్రుల ముందు తానే ఆడించేవారు. గాలికి కదిలే శిల్పాలు తర్వాత వచ్చాయి. యతులు (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో నియమిత చోటున్న అక్షరానికీ ఉండాల్సిన పొంతన, అంటే మైత్రి) కుదిరాయి, నడక హాయిగా ఉంది. అయితే ఆయన మానిన పని ఏదో మూడు పాదాల్లో ఎక్కడా లేదు. సమస్య అతకలేదు, మళ్ళీ ప్రయత్నించండి.

మూడో పూరణ

పిల్లతోడఁ గూడి బంకమట్టి పిసుక
మూడు నెలలు రాని మొగము కుదిరె
ఆర్డరనుచుఁ జేయ నలసితి నన్నాళ్ళు
పనిని మానినపుడె పని ఫలించె

నిర్వాహకుడు: అమ్మా, మొదటి పాదంలో యతి తప్పింది. ప, బలకు మైత్రి ఉన్నా 'పి'లోని ఇకారానికి 'బం'లోని అకారంతో లేదు. 'పాపతోడ' అంటే సరిపోతుంది. 'ఆర్డరు'ను మాత్రం కదపకండి, సంస్కృత పదం పెడితే ఆ అలసట పోతుంది.

మొదటి సభ్యుడు: మట్టి పిసకడమూ పనే కదా, మానినట్లు ఎలా?

నిర్వాహకుడు: చేయి ఆగలేదు, నిజమే. అయితే ఎలా వచ్చిందని అడిగేవారు ఆ పూట ఎవరూ లేరు. మానినది ఆ జవాబుదారీని. ఈ మూడింటిలో నాకు ఇదే ఇష్టం.

మూడో సభ్యురాలు: 'పాపతోడ' అని సవరించాను. ఆ బొమ్మను పాప సాయంత్రానికే మళ్ళీ ముద్ద చేసేసింది. ముక్కు తీరు మాత్రం నా వేళ్ళకు గుర్తుంది. మర్నాడు విగ్రహానికి అదే పెట్టాను.