అప్‌డేట్: జీడిపిక్కల లెక్క కణాలకి సరిపోలేదు

ఇదివరకటి పోస్టులో నేను అడిగింది ఇదీ. పలాసలో ఒక బస్తా జీడిపిక్కల్లో వందకి పది పుచ్చువి అనుకుందాం. ఏది పుచ్చో, ఏది మంచిదో కొట్టక ముందే ఖాయం, తెలియనిది మనకే. ఎలక్ట్రాన్ లాంటి కణాల గురించి క్వాంటం సిద్ధాంతం చెప్పే సంభావ్యత కూడా ఇంతేనా?

"అంతే" అంటారని ముందే ఫిక్స్ అయిపోయాను. కాదట.

మీరంతా భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ పేరు చెప్పారు గానీ, నాకు ఎక్కింది మాత్రం శ్రీకాకుళంలో మా పాత ఫిజిక్స్ మేష్టారు కాగితం మీద గీసి చూపించాకే. జంటగా పుట్టి దూరంగా వెళ్ళిన రెండు కణాల మీద కొలతల ఫలితాలు పిక్కల్లాగా ముందే ఖాయమై, ఇక్కడి కొలత అక్కడి కణాన్ని తాకదు అనుకుంటే, ఫలితాల పొంతనలతో కట్టే ఒక మొత్తం 2 దాటకూడదు. బెల్ 1964లో వేసిన దారిని 1969లో క్లౌజర్ బృందం ప్రయోగానికి అనువుగా మార్చింది. క్వాంటం లెక్కలో ఆ మొత్తం దాదాపు 2.83 వరకు వెళ్తుంది. 1982లో ఆస్పే అనే భౌతిక శాస్త్రవేత్త ప్రయోగంలో కొలిస్తే నిజంగానే 2 దాటింది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"ముందే ఖాయం" అన్నది పూర్తిగా పోలేదని కూడా మేష్టారే అన్నారు. డేవిడ్ బోమ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1952 సిద్ధాంతంలో అది బతికే ఉంది, కాకపోతే దూరాన్ని లెక్కచేయని ప్రభావాన్ని ఒప్పుకోవాలి. నాకు అదీ మింగుడుపడలేదు.

ఇంకా తెగనిది ఒకటుంది. ఎలక్ట్రాన్లను రెండు సన్నని చీలికల గుండా ఒక్కొక్కటిగా పంపితే తెర మీద చుక్కలే పడతాయి, వేలల్లో పడ్డాక చారలు కనిపిస్తాయి. సిద్ధాంతం చారల్ని చెబుతుంది, తర్వాతి చుక్క ఎక్కడో చెప్పదు. మరి ఆ సంభావ్యతల్ని లెక్కగట్టే వేవ్ ఫంక్షన్ ఒక్క ఎలక్ట్రాన్‌దా, గుంపుదా? మేష్టారు నవ్వి, టీ తాగమన్నారు.